నలభై ఒకటో అద్దం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మా ఆయన పెళ్లి ఒక్కటే చేసుకున్నాడు కానీ ఇళ్లు మాత్రం ఒక్క మా పేటలోనే నలభై ఒకటి కట్టాడు. అందుకే ఆ వేసవి మొదట్లో గని ఇంజనీరు మా వీధి మధ్యలో నిలబడి, "ఈ పగుళ్లు మా పేలుళ్ల వల్ల వచ్చినవి కావండి, కట్టుబడిలోనే లోపం ఉంది" అన్నప్పుడు, జనం అతన్ని తిట్టడానికి ముందు ఒక్క క్షణం మా ఆయన మొహంలోకి చూశారు. తర్వాత తిట్టారు, బాగానే తిట్టారు. కానీ ఆ ఒక్క క్షణాన్ని ఆయన మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

మా పేట వెనక కొండని పదిహేనేళ్లుగా తవ్వుతున్నారు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటంపావుకి సైరన్ కూసేది. ఆ తర్వాత నేల అడుగు నుంచి ఒక్క దెబ్బ. గూట్లో గిన్నెలు గలగలమనేవి, ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము వాలేది. పసిపిల్లలు సైతం నిద్రలో ఒకసారి ఉలిక్కిపడి మళ్లీ పడుకోవడం నేర్చుకున్నారు. ఆ ఏడాది కంపెనీ రెండో గుంతకి దరఖాస్తు పెట్టింది. అది మా పేట చివరి ఇంటికి నాలుగు వందల మీటర్లు. మేము తాగే వాగు ఆ గుంత అంచునే పారుతుంది. వేసవి ఆఖర్న బహిరంగ విచారణ పెట్టారు. పగుళ్లు పేలుళ్ల వల్లే వచ్చాయని తేలితే గుంత రాదు. కట్టుబడి వల్ల అని తేలితే గుంత వస్తుంది, దాంతోపాటు మా ఆయన పేరు పోతుంది.

ఇంజనీరు చెడ్డవాడేమీ కాదు. చిన్నవాడు, నెత్తిన తెల్ల హెల్మెట్, చేతిలో టేపు. ఇళ్లన్నీ తిరిగి గోడలు తట్టి చూశాడు. "అడ్డగోడని అసలు గోడలో కలిపి కట్టకుండా పక్కన ఆనించి కడితే ఇలాగే విడిపోతుంది మేస్త్రిగారూ. మీకు తెలియంది కాదు" అన్నాడు. మా ఆయన మెడ వెనక చేత్తో రుద్దుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అనే సామెత నాకు తెలుసు. ఆ పూట గుర్తుకు రాలేదంతే.

ఆ వారంలోనే ఇల్లు మొదలుపెడదామన్న ఇద్దరు "తర్వాత చూద్దాం" అని కబురు పంపారు. మా ఆయన తాపీ కడిగి, తుడిచి, మళ్లీ కడిగాడు. రెండు రోజులు అదే పని. మూడో రోజు పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపాడు.

"మీ కొట్లో మిగిలిపోయిన అద్దం ముక్కలు ఏం చేస్తారు?"

నేను పటాలు కట్టే కొట్లో అద్దాలు కోస్తాను. పద్దెనిమిదేళ్ల అనుభవం. గాజు మీద ఒక్క గీత గీసి వేలితో తడితే ఎక్కడ విరగమంటే అక్కడ విరుగుతుంది.

"డబ్బాలో పారేస్తాం. ఏం, మింగుతారా?"

"సన్నటివి కావాలి. జానెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు. ఇంటికొకటి."

అది మేస్త్రుల పాత పద్ధతి. పగులుకి అడ్డంగా సన్నటి అద్దం ముక్క పెట్టి, రెండు చివర్లా సిమెంటు ముద్దతో అతికిస్తారు. తడి సిమెంటు మీద మేకుతో తేదీ రాస్తారు. గోడ వెంట్రుకంత కదిలినా అద్దం పగులుతుంది. గోడ అబద్ధం ఆడొచ్చు గానీ అద్దం ఆడదు అనేవాడు మా ఆయన గురువు.

అలా మొదలైంది మా యుద్ధం. నేను కోయడం, ఆయన అతికించడం, రాతకోతలు వదినవి. వదిన అంటే మా ఆయన అక్క. దర్జీ పని. పెళ్లి మాట ఎత్తినవాళ్లకి కత్తెర చూపించి, మిషను కుట్టి తమ్ముణ్ణి పెంచింది. పేటలో గని మీద మొదట గొంతెత్తింది ఆవిడే. ఆవిడ గొంతెత్తితే సైరన్ అవసరం ఉండదని మా ఆయన అంటుండేవాడు, ఆవిడ లేనప్పుడు.

రోజూ రెండు గంటలకి వదిన నోటుబుక్కు పట్టుకుని నలభై ఒక్క ఇళ్లకీ వెళ్లేది. ఏ అద్దం పగిలిందో రాసుకునేది. సాయంత్రం మా ఆయన కొత్తది అతికించేవాడు. ఒక నెల తిరిగేసరికి నేను కోసిన ముక్కలు రెండు వందలు దాటాయి. మా కొట్టు యజమాని "ఇక్కడ పటాలు కట్టించుకునేవాళ్ల కంటే పగలగొట్టుకునేవాళ్లకే ఎక్కువ కోస్తున్నావమ్మా" అన్నాడు కానీ, ముక్కలు మాత్రం వద్దనలేదు.

ఇంజనీరు వచ్చి నోటుబుక్కు తిరగేశాడు. "అద్దాలు పగిలిన మాట నిజమే. కానీ పునాది సరిగ్గా లేక ఇల్లు దానంతటది కుంగినా ఇవి పగులుతాయి కదండీ" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట" అంది వదిన. కానీ రోడ్డెక్కాక నాతో, "వాడన్నదీ సబబే, దానికేం జవాబు చెప్తాం?" అంది.

జవాబు మేము వెతక్కుండానే వచ్చింది. గనిలో లారీ డ్రైవర్లు సమ్మె కట్టారు. రాయి మోసేవాడు లేకపోతే పేల్చి ఏం లాభం? సైరన్ ఆగిపోయింది. మొదటి మధ్యాహ్నం ఒంటిగంటంపావుకి పేటంతా చేతిలో పని ఆపి ఎదురుచూసింది. ఏమీ రాలేదు. ఎవరింట్లోనో గోడ గడియారం టిక్కుటిక్కుమనడం వినబడింది. పదిహేనేళ్లలో ఆ వేళప్పుడు దాని చప్పుడు వినడం అదే మొదలు.

ఆ సాయంత్రమే నలభై ఒక్క ఇళ్లకీ కొత్త అద్దాలు పెట్టేశాం. పేలుడు లేని రోజుల్లో అద్దం నిలిస్తే కట్టుబడి మంచిదన్నట్టే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మా ఆయన ఆ రోజు నెల తర్వాత నవ్వాడు. నా చేతిలో ఉన్న టీ గ్లాసు తీసుకుని తనే తాగేశాడు, అదీ ఆయన సంతోషం.

ఎనిమిదో రోజున నేను కొట్టు నుంచి వస్తూ వదిన ఇంటి ముందు ఆగాను. మిషను చప్పుడు లేదు. వదిన వెనక గదిలో, గోడ మూల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి పక్కకి జరిగింది.

అద్దం నడిమికి పగిలి ఉంది.

"మిగతావి?" అన్నాను.

"అన్నీ చూశాను. నలభై బాగున్నాయి."

"పేలుడు లేదు కదా వదినా."

"లేదు."

ఈ ఇల్లు మా ఆయన కట్టిన మొదటి ఇల్లు. ఇరవై రెండేళ్ల వయసులో కట్టాడు. వదిన జాకెట్లు కుట్టి కుట్టి ఇటుకలు కొంది. తన పని గురించి ఎప్పుడు మాటొచ్చినా మా ఆయన ఈ ఇంటిని మాత్రం చూపించేవాడు కాదు, ఎందుకో. ఏటా వేసవిలో మాత్రం ఒక ఆదివారం వచ్చి ఈ గోడకి తనే పూత పూసి రంగు వేసి వెళ్లేవాడు. అక్క అంటే ప్రాణం అనుకునేదాన్ని. నా వంటింటి గోడకి పెచ్చులూడితే మూడేళ్లు చూడని మనిషి అక్కకి మాత్రం ఏటా రంగులేస్తాడని దెప్పేదాన్ని కూడా.

వదిన నా వైపు చూడకుండా అంది. "కంపెనీవాళ్లకి ఇదొక్కటి చాలు. మిగతా నలభైకీ ఇదే తీర్పు చెప్తారు. వాడి పేరు మట్టిలో కలిసిపోతుంది." పగిలిన ముక్క మీద వేలు ఆనించి, "ఇంకో ముక్క కోసుకురా" అంది.

కోసుకొచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నా జీవితంలో అంత తిన్నగా కోసిన ముక్క ఇంకొకటి లేదు. కొత్త సిమెంటు నల్లగా ఉండి పట్టిస్తుందని నాకు తెలుసు, మేస్త్రి పెళ్లాన్ని కదా. అందుకని పైన బూడిద అద్దాను. తేదీ సమ్మె మొదటి రోజుది వేశాను. మా ఆయన ఏడు అంకెకి నడుం మీద ఒక అడ్డగీత పెడతాడు, అదీ మరిచిపోలేదు. వదిన దీపం పట్టుకున్నట్టు టార్చి పట్టుకుంది. ఇద్దరం దొంగల్లా కాక, ఏదో మంచి పని చేస్తున్నవాళ్లలాగే చేశాం. మర్నాడే వదిన, సమ్మె రోజుల్లో నలభై ఒక్క అద్దాలూ నిలిచాయని విచారణకి అర్జీ రాసి పంపేసింది.

పదకొండో రోజున సమ్మె తీరిందని కబురొచ్చింది. పేలుడు మొదలయ్యేలోపు మా ఆయన తన కళ్లతో అన్నీ చూసుకోవాలని బయల్దేరాడు. నేను వెంట వెళ్లాను. నలభై ఇళ్లూ చూసి, ఒక్కొక్క అద్దం దగ్గరా తల ఆడించి, ఆఖర్న వదిన ఇంటికి వచ్చాడు. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. బొటనవేలు నాలికతో తడిచేసుకుని సిమెంటు ముద్ద మీద రుద్దాడు. బూడిద వేలికి అంటుకొచ్చింది.

"నువ్వు కోసిందేనా?"

"నేనే."

"బాగా కోశావు" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది. "ఎప్పుడు పగిలింది?"

"ఎనిమిదో రోజు" అంది వదిన. "నేనే మార్చమన్నాను. దాన్ని ఏమీ అనకు."

ఆయన కుట్టుమిషను పక్కన ఉన్న పీట మీద కూర్చున్నాడు. "ఈ గోడ ఆనించి కట్టాను అక్కా. కలిపి కట్టలేదు. ముందు గది పూర్తిచేసి, నువ్వు అద్దె గది ఖాళీ చేయాల్సిన రోజు దగ్గరపడిందని, తొందర తొందరగా వెనక గది లేపాను. ముందు గోడలోంచి ఇటుకలు బయటికి వదలాలి, వాటిల్లో అడ్డగోడ ఇమడాలి. మరిచిపోయాను. మర్నాడు పొద్దున్నే గుర్తొచ్చింది. పడగొట్టి కడదామని వచ్చేసరికి నువ్వు మిషను లోపలికి తెచ్చేశావు. సంబరంగా ఉన్నావు. నోరు రాలేదు."

"ఇరవై నాలుగేళ్లు నోరు రాలేదా?"

"రాలేదు. ఏటా పగులుకి పూత పూస్తూ వచ్చాను."

"మరి ఇప్పుడు?"

"విచారణలో చెప్తాను."

"ఊరందరి ముందూనా?"

"ముందు నీకే చెప్పాను కదా."

వదిన మిషను ముందు కూర్చుని ఏదో గుడ్డ అంచు కుట్టడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో మిషను మొదలైతే వచ్చినవాళ్లు వెళ్లాలని అర్థం.

దారిలో నేను ఊరుకోలేదు. "కంపెనీవాళ్లు నోరు తెరిస్తే అబద్ధమే. మనం ఒక్కటి ఆడితే కొంపలు మునుగుతాయా?"

"నేను పట్టుకున్నాను. ఆ ఇంజనీరు పట్టుకోడా? పట్టుకుంటే మిగతా నలభై ఎవరు నమ్ముతారు?"

"అందుకేనా చెప్తానంటున్నారు?"

నాలుగడుగులు వేశాక, "అందుక్కూడా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం సైరన్ కూసింది. గిన్నెలు మోగాయి. నలభై ఇళ్లల్లో పదకొండు రోజులు నిలిచిన అద్దాల్లో పందొమ్మిది ఆ ఒక్క దెబ్బకి పగిలాయి.

విచారణ బడి హాల్లో పెట్టారు. బెంచీలు చాలక జనం కిటికీల బయట నిలబడ్డారు. అధికారిణి పెద్దావిడ, కళ్లజోడు ముక్కు చివర. ఇంజనీరు తెర మీద బొమ్మలు వేసి గంటసేపు మాట్లాడాడు. ఆఖర్న వదిన నోటుబుక్కు తెరిచి మైకు ముందుకి వెళ్లింది. ఒక్కొక్క ఇల్లూ, ఒక్కొక్క తేదీ చదివింది. నలభై చదివి ఆగింది. పుస్తకం మూసి, తమ్ముడి వైపు చూడకుండా వచ్చి నా పక్కన కూర్చుంది.

మా ఆయన లేచాడు. మైకు అలవాటు లేక దాన్ని తాపీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అర్జీలో నలభై ఒక్క ఇళ్లని రాశామండి. నలభై అని దిద్దుకోండి. ఒక ఇంట్లో పేలుడు లేని రోజున అద్దం పగిలింది. అది గని తప్పు కాదు. ఆ గోడ నేనే తప్పు కట్టాను."

హాలంతా గుసగుసలు. వెనక నుంచి ఎవరో, "మేస్త్రికి ఎంత ముట్టిందో" అన్నారు. నాకు చెవులు కాలిపోయాయి. అధికారిణి కళ్లజోడు పైకి తోసుకుని, "ఆ అద్దం పగలలేదని ఇక్కడ కాగితంలో ఉంది. తర్వాత ఎలా తెలిసింది?" అని అడిగింది.

నేను లేచి నిలబడ్డాను. "మార్చింది నేనండీ. ఈయన కాదు."

"మార్చమంది నేను" అంది వదిన, తనూ లేస్తూ. "ఆ ఇల్లు నాది, గోడ వాడిది. కొట్టేయండి."

అధికారిణి కలం తీసి ఒక గీత గీసింది. అంత చిన్న చప్పుడు హాలంతా వినబడింది.

"సరే. మిగతా నలభై గోడల్లో ఇదే లోపం లేదని నాకెలా తెలుస్తుంది?"

"పగలగొట్టి చూడండి" అన్నాడు మా ఆయన. "ఏ ఇల్లు చూడాలో ఇంజనీరుగారినే చెప్పమనండి."

ఇంజనీరు మూడు ఇళ్లు చెప్పాడు. అందులో ఒకటి మాది. మొన్న మొన్ననే, మూడేళ్లు పోరగా పోరగా రంగు పడిన నా వంటిల్లు.

అందరూ మా ఇంటికి వచ్చారు. వంటింట్లో పట్టినంతమంది పట్టారు, మిగతావాళ్లు కిటికీకి వేలాడారు. మా ఆయన ఉలి పెట్టి రెండు గోడలు కలిసే మూల దగ్గర పూత రాల్చాడు. నేను గిన్నెల మీద గుడ్డ కప్పాను. పూత ఊడిన చోట ఇటుకలు బయటపడ్డాయి, వరసకి వరస ఒక గోడవి రెండో గోడలోకి చొచ్చుకుని, రెండు చేతుల వేళ్లు కలిపి బిగించినట్టు. పై నుంచి కింద దాకా అలాగే. ఇంజనీరు టార్చి వేసి చూశాడు, చేత్తో తడిమాడు, టేపు తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మిగతా రెండు ఇళ్లల్లోనూ అదే.

తర్వాత వదిన ఇల్లు. అక్కడ పూత రాలితే తిన్నని గీత, నేల నుంచి కప్పు దాకా, మధ్యలో ఒక్క ఇటుకైనా అటూ ఇటూ వెళ్లలేదు. ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. గోడల సంగతి తెలియనివాళ్లకి కూడా తేడా తెలిసింది.

"నలభైలో ఇంత కలిపి కట్టిన మనిషి..." అని ఇంజనీరు మాట సగంలో ఆపి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మంచి పని మేస్త్రిగారూ" అన్నాడు. అది కంపెనీ తరఫున కాదు.

పెళ్లయి ఇరవయ్యేళ్లయినా మా ఆయన కట్టిన గోడ లోపల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. ఎవరు చూస్తారు? పూత పూసేస్తే ఒకటే. ఎవరూ చూడని చోట కూడా అంత పొందిగ్గా పెట్టిన ఇటుకల్ని చూస్తే నాకు గర్వంతో ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను. ఆ మూల పాడైన రంగు గురించి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు, అది నా వైపు నుంచి పెద్ద త్యాగం.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. రెండో గుంతకి అనుమతి లేదు. ఉన్న గుంతలో మందు తగ్గించి పేల్చాలి. దెబ్బతిన్న నలభై ఇళ్లూ కంపెనీ బాగుచేయించాలి. నలభై అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ఉంది. వదినే బడి మెట్ల మీద నిలబడి అందరికీ చదివి వినిపించింది. గొంతు ఎక్కడా తగ్గలేదు. కానీ తమ్ముడితో మాత్రం అప్పటికీ మాట లేదు.

నలభై ఒకటో ఇంటికి మా ఆయన మర్నాడే తాపీ పట్టుకుని వెళ్లాడు. ఆ గోడ మొత్తం పడగొట్టాడు. ముందు గోడలో ఒక వరస విడిచి ఒక వరస ఇటుకలు తొలిచి, కొత్త గోడని అందులోకి దించుతూ కట్టుకుంటూ వచ్చాడు. తొమ్మిది రోజులు పట్టింది. వదిన ముందు గదిలో మిషను మీద దుప్పటి కప్పి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చునేది. మొదటి రోజు అటు చూడలేదు. మూడో రోజు కుర్చీ అటు తిప్పుకుంది. ఆరో రోజున ఆయన చెయ్యి చాచితే, నేను అందించేలోపే ఇటుక ఆవిడ అందించింది.

తొమ్మిదో రోజు ఆయన పూత కలుపుతుంటే వదిన నోరు విప్పింది.

"మూల దగ్గర పూయకురా."

"అసహ్యంగా ఉంటుంది అక్కా."

"ఉండనీ. కనబడనీ."

అలాగే వదిలేశాడు. గది అంతా తెల్ల సున్నం, ఆ మూల ఒక్కచోట ఎర్రటి ఇటుకలు ఒకదాంట్లోకి ఒకటి దూరి కనబడతాయి. ఎన్నో ఏళ్లయింది. కొండ అటు వైపు సైరన్ ఇంకా కూస్తుంది, గిన్నెలు మాత్రం మోగవు. బట్టలు కుట్టించుకోవడానికి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆ మూల చూసి, పని మధ్యలో ఆపేశారా అని అడుగుతారు.

వదిన కొలత టేపు మెడలో వేసుకుని తాపీగా చెప్తుంది. "మా తమ్ముడు రెండుసార్లు కట్టిన గోడమ్మా ఇది. మొదటిసారి ఇరవై రెండేళ్ల కుర్రాడు కట్టాడు. రెండోసారి మేస్త్రి కట్టాడు."